ఏ గ్రహణం?

నా పై పెదవి మీద ఒక గీత ఉంటుంది. ముక్కు కింద మొదలై, కొంచెం పక్కకు వంగి, పెదవి అంచు దగ్గర ఆగిపోతుంది. చిన్నప్పుడు మిషన్ ఆసుపత్రిలో వేసిన కుట్ల గుర్తు అది. పుట్టినప్పుడు అక్కడ చీలిక ఉండేదట. తెలుగులో దాని పేరు గ్రహణం మొర్రి. ఈ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, దొరికితే నాలుగు మాటలు అడగాలని నాకు చాలా కాలంగా ఉంది. పేరు పెట్టవయ్యా అంటే నేరం మోపి, సాక్ష్యం చెప్పి, తీర్పు కూడా ఇచ్చేశాడు. ఆ రెండు మాటల్లోనే మా అమ్మ మీద విచారణ ముగిసిపోయింది.

కడుపుతో ఉన్న ఆడమనిషి గ్రహణం వేళ బయట తిరిగినా, కత్తో కొడవలో పట్టి ఏదన్నా కోసినా ఆ గాటు లోపలి బిడ్డకు పడుతుందని నమ్మకం. ఇది తెలుగునాట అంతటా ఉన్నదే. మా గిద్దలూరు, కంభం వైపు ఊళ్ళలో కూడా దానికేం కరువు లేదు. మేం క్రైస్తవులం. రాహువూ కేతువూ మాకు చుట్టాలు కారు. ఆ మాట పాస్టరుగారు ఆదివారం గట్టిగానే చెప్పేవారు. గ్రహణం రోజున మాత్రం, కడుపుతో ఉన్న పాస్టరమ్మగారిని గదిలో పెట్టి తలుపేసి, కిటికీకి దుప్పటి కట్టేవారు. ఎందుకైనా మంచిదని.

ఆ 'ఎందుకైనా మంచిది' అనే మాటంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. ఎందుకో తెలియకుండా ఏది మంచిదవుతుంది? మా నాయనమ్మ వాకిట్లో కాకి అరిస్తే చుట్టాలొస్తారనేది. సరే చూద్దామని నేను అరుగు మీద కూర్చొని కనిపెట్టాను. కాకి రోజూ అరిచింది. చుట్టాలు మాత్రం ఎప్పుడో క్రిస్మస్‌కు వచ్చారు. ఆ మాట నాయనమ్మకు చెబితే, "నీకు పనీపాటా లేదు, కాకికీ లేదు" అంది. బడిలో పిల్లలు నన్ను మొర్రిదానా అని పిలిచేవాళ్ళు. "మొర్రి నోరే గానీ మూసుకునే నోరు కాదు" అని నేను తిరిగి అనేదాన్ని. అన్నట్టుగానే దాన్ని ఇప్పటిదాకా మూయలేదు.

నన్ను అన్నవాళ్ళ సంగతి నేను చూసుకోగలను. అమ్మ సంగతికే నాకు కడుపు మండేది. నాయనమ్మ ఏ కొత్త మనిషి ఇంటికొచ్చినా నా గడ్డం పట్టుకొని ముఖం వెలుతురుకు తిప్పి చూపించేది. "కొడవలి కింద పెట్టవే అంటే ఇనకపాయ. బిడ్డ అనుభవిస్తా ఉంది" అనేది. మా నాయన మంచివాడే. అమ్మను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, అన్నవాళ్ళను ఆపనూ లేదు. మా పాలెంలో ఎవరికి శ్రీమంతం చేసినా, అమ్మ పండ్ల పళ్ళెం గడప దగ్గరే పెట్టి వచ్చేసేది. లోపలికి రావద్దని ఎవరూ అనేవాళ్ళు కాదు. రమ్మనీ అనేవాళ్ళు కాదు.

అన్నిటికంటే నాకు కష్టమైంది శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఆడవాళ్ళంతా కళ్ళు మూసుకొని ఎవరి కష్టం వాళ్ళు పైకి చెప్పుకునేవాళ్ళు. అంతమంది గొంతుల్లో నాకు అమ్మ గొంతు విడిగా వినపడేది. "ప్రభువా, నా చేతులతోనే నా బిడ్డ మూతి కోసినా. నన్ను చమించు." ప్రతి శుక్రవారం అదే మాట. దేవుడు క్షమించాడో లేదో నాకు తెలియదు గానీ, అమ్మ తనను తాను క్షమించుకోలేదు. ఆ మాట ఆమె నోట రాకుండా చెయ్యాలని నేను బుద్ధి తెలిసినప్పటి నుంచీ అనుకునేదాన్ని. ఎట్లాగో మాత్రం తెలిసేది కాదు.

ఎనిమిదో తరగతిలో సైన్సు సారు బోర్డు మీద మూడు గుండ్రాలు గీశారు. సూర్యుడు, చంద్రుడు, భూమి. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది, చంద్రగ్రహణం పౌర్ణమి నాడే వస్తుంది, రాసుకోండి అన్నారు. అందరూ రాసుకున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"వేరే రోజు రాదా సార్?"

"రాదు."

"ఎప్పటికీ రాదా?"

"ఎప్పటికీ రాదు. రెండు మార్కుల ప్రశ్న. కూర్చో."

ఆయనకు అది రెండు మార్కుల ప్రశ్న. నాకు మాత్రం ఆ రోజు ఇంటికి నడిచి వచ్చినంతసేపూ ఒకటే మాట బుర్రలో తిరిగింది. గ్రహణాలు రెండు రకాలు. మరి నాకు పట్టింది ఏ గ్రహణం? నేను పుట్టి అన్నేళ్ళయినా ఈ ముక్క ఎవరూ అడగలేదు. తిట్టినవాళ్ళూ అడగలేదు, జాలిపడినవాళ్ళూ అడగలేదు.

మొదట నాయనమ్మను అడిగాను. "సూర్యగ్రహణమే. పట్టపగలు చీకటి పడె" అంది. పెద్దమ్మను అడిగితే, "కాదు, చంద్రగ్రహణం. రేత్రి కోతలకు పోయినారు గదా, అందుకే" అంది. ఎదురింటి ముసలమ్మ నన్ను తన చేతులతో పుట్టించిన మంత్రసాని. ఆమె ఇంకా ఉదారంగా, "రెండూ పట్టినాయి పాపా. అందుకే మూతి అంత వెడల్పు చీలింది" అంది. ముగ్గురూ కళ్ళారా చూసినట్టే చెప్పారు. ముగ్గురివీ మూడు మాటలు. అప్పుడు నాకు అనుమానం గట్టిపడింది. వీళ్ళు గ్రహణం చూసి నా మూతి సంగతి చెప్పడం లేదు, నా మూతి చూసి గ్రహణం సంగతి చెబుతున్నారు. నాకు మొర్రి ఉంది, దాని పేరులో గ్రహణం ఉంది, కాబట్టి గ్రహణం పట్టే ఉంటుంది. అంతే వాళ్ళ సాక్ష్యం.

ఇక మిగిలింది అమ్మ. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతుంటే పక్కన కూర్చున్నాను.

"ఆ పొద్దు ఏం జరిగిందో చెప్పుమా."

"ఎన్నిసార్లు ఇనింటావే ఆ కత."

"వాళ్ళు చెప్పింది విన్నా. నువ్వు ఎప్పుడూ చెప్పలే."

అమ్మ ఇంకో రాయి ఏరి పారేసింది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది. "ఎండాకాలం. కంభం చెరువు కింద వరి కోతలకు పోయినాం. నాకు మూడో నెల. ఎండకు తాళలేక రేత్రిపూట కోస్తా ఉంటిమి. ఆ రేత్రి తెల్లార్లూ కోసి గట్టు మీద ఒరిగినాం. మద్యాన్నం లేసి, మిగిలిన మూల కోస్తా ఉంటే ఉన్నట్టుండి చీకటయిపాయ. దుమ్ము లేసె. మేస్త్రమ్మ అరిసింది, గ్రహణం పట్టిందే, కడుపుతో ఉన్నోళ్ళు కొడవళ్ళు కింద పెట్టండే అని. నాకు ఇనపడింది. ఇనపడినా ఇంకో పిడికెడు కోసినా. చేతిలో దుబ్బు పట్టుకోని ఉంటి గదా, ఇడిసిపెట్టలేకపోతి."

ఇన్నేళ్ళూ ఆమెను తినేసింది ఆ ఒక్క పిడికెడు వరి. నాకు ఏడుపు వచ్చింది. కానీ ఏడుపుతో పాటే ఒక ప్రశ్న కూడా వచ్చింది, నా బతుకంతటికీ నేను గర్వపడే ప్రశ్న.

"తెల్లార్లూ కోసినాం అన్నావే, దీపాలు పెట్టుకున్నారా?"

"దీపాలేంది? వెన్నెల. పిండి ఆరబోసినట్టు ఉండె."

నేను చాట పక్కకు నెట్టేశాను. కొన్ని బియ్యం ఒలికి అమ్మ కసిరింది కూడా. వెన్నెల! తెల్లవార్లూ వరి కోసుకునేంత వెన్నెల ఉందంటే అది పౌర్ణమో, దాని పక్క రోజో. అమావాస్య ఇంకా పక్షం దూరంలో ఉంది. సూర్యగ్రహణం అమావాస్య నాడు తప్ప రాదు, ఎప్పటికీ రాదు. రెండు మార్కుల ప్రశ్న.

"అమ్మా, సూర్యుణ్ణి మూసేది చంద్రుడే. మూయాలంటే పగలు సూర్యుడి కాడే ఉండాల. రేత్రంతా మీ నెత్తిన కాపలా కాసినోడు మద్యాన్నానికి ఆడికి ఎట్ల పోతాడు? అది గ్రహణం కాదుమా. మబ్బు పట్టింది. గాలిదుమారం. తర్వాత వాన రాలా?"

అమ్మ ఒలికిన బియ్యం చాటలోకి ఎత్తుతోంది. "వచ్చింది. కోసిన పనలన్నీ తడిసిపాయ."

"మరి రేత్రి మధ్యలో వెన్నెల ఏమన్నా తగ్గిందా? చీకటై కోత ఆపినారా?"

"యాడ ఆపినాం. కొడవలి దించలే."

"అయితే చంద్రగ్రహణమూ లేదు. ఏ గ్రహణమూ లేదు."

అమ్మ ఎగిరి గంతేస్తుందని, నన్ను దగ్గరికి తీసుకుని ఏడుస్తుందని అనుకున్నాను. పదమూడేళ్ళ పిల్ల అంతకంటే ఏం అనుకుంటుంది? అమ్మకు కోపం వచ్చింది. చాట తీసి విసురుగా పక్కన పెట్టింది.

"అయితే ఎందుకొచ్చింది? నా తప్పు గాకుంటే ఎవురి తప్పు? చెప్పు. నీకు అన్నీ తెలుసు గదా, చెప్పు."

నాకు తెలియదు. తప్పు తనదనుకుంటే అమ్మకు కనీసం ఒక కారణం ఉండేది. ఆ కారణాన్ని నేను లాగేశాను, దాని చోట పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ శుక్రవారం కూడా అమ్మ అదే ప్రార్థన చేసింది, ముందుకంటే గట్టిగా.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఎందుకొచ్చింది అనే మాట నన్ను పట్టుకుంది. పదో తరగతి తర్వాత ఇంట్లో అందరూ టైలరింగు నేర్చుకోమంటే, మార్కాపురంలో ఇంటర్ బైపీసీలో చేరతానని భీష్మించుకున్నాను. అన్నం మానేశాను. నాయనమ్మ, "మాననీ, మిగులుతాది" అంది. నాయన మాత్రం మూడో పూట, "దాని నోటికి అన్నం కంటే సదువే సరిపోయేట్టుంది" అని సంచి సర్ది తీసుకుపోయి చేర్పించాడు. జీవశాస్త్రం పుస్తకంలో బిడ్డ ముఖం తయారయ్యే బొమ్మలు చూసినప్పుడు నేను నోరు వెళ్ళబెట్టాను. కడుపులో అందరి ముఖాలూ ముందు విడివిడి ముక్కలే. రెండు వైపుల నుంచీ జరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటాయి. అంటే ప్రతి మనిషీ కొన్నాళ్ళు మొర్రితో ఉన్నవాడే. నన్ను వెక్కిరించిన బడి పిల్లలతో సహా. నావి అతుక్కోకుండా ఆగిపోయాయి, అంతే తేడా. ఆ రాత్రి హాస్టల్లో నా పక్కమంచం పిల్లకు కూడా ఈ సంగతి చెప్పి, ఆమె నిద్ర చెడగొట్టి తిట్లు తిన్నాను.

మరి ఎందుకు ఆగిపోయాయి? అది పుస్తకంలో లేదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి మార్కాపురంలోనే రక్తపరీక్షల ల్యాబులో చేరాక, ఒకసారి గిద్దలూరు బస్టాండులో ఒక బ్యానరు చూశాను. 'గ్రహణం మొర్రి పిల్లలకు ఉచిత ఆపరేషన్లు' అని ఇంతింత అక్షరాలు. నాకు ఇప్పుడు చీలిక లేకపోయినా వెళ్ళి ఆ శిబిరంలో తల్లుల వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక డాక్టరుగారు పిల్ల ఏదమ్మా అన్నారు. నేనే సార్ అన్నాను. ఆయన నా పెదవి చూసి కుట్లు బాగా వేశారే అన్నారు.

"కుట్ల కోసం రాలేదు సార్. ఇది ఎందుకొస్తుందో చెబుతారని వచ్చాను."

మంచి మనిషి. వెనక అంతమంది ఉన్నా విసుక్కోలేదు. కొందరికి వంశంలో ఉంటుందనీ, కొందరికి తల్లికి సరైన తిండి లేక కావచ్చనీ, కొన్ని మందుల వల్ల కావచ్చనీ చెప్పారు. చాలామందికి మాత్రం ఫలానా కారణం అని చెప్పలేమమ్మా, తెలియదు అన్నారు. గ్రహణం వల్ల కాదని తెలుసు కదా సార్ అంటే, అది మాత్రం బాగా తెలుసు అని నవ్వారు. "మరి ఆ బ్యానరు మీద పేరెందుకు అట్లా రాశారు?" అని అడిగాను. ఆయన నవ్వు ఆగిపోయింది. వేరే పేరు రాస్తే తల్లులకు అర్థం కాదు కదమ్మా అన్నారు. "వాళ్ళకు బాగా అర్థమవుతోంది సార్, అదే బాధ" అన్నాను. బ్యానరు మారలేదనుకోండి. కానీ అడగవలసిన మాట అడిగి వచ్చాను.

ఆ వారమే ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. ఎందుకొచ్చిందో డాక్టర్లకే తెలియదుమా అని. ఈసారి కోప్పడలేదు. "అంత పెద్ద డాక్టరుకు తెలీదంట్నా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. తెలీదన్నాడు అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కొన్ని నెలలకు ఒక శుక్రవారం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ప్రార్థనలో అమ్మ గొంతు కోసం చెవి రిక్కించాను. వానల కోసం అడిగింది, తమ్ముడి ఉద్యోగం కోసం అడిగింది, నాయన మోకాళ్ళ కోసం అడిగింది. నా మూతి మాట లేదు. నేను కళ్ళు మూసుకున్నది ప్రార్థనకని అందరూ అనుకున్నారు. నిజానికి కళ్ళు తెరిస్తే నీళ్ళు కారతాయని మూసుకున్నాను.

తర్వాతెప్పుడో ల్యాబులో కంప్యూటరు వచ్చాక చూశాను. అమ్మ నన్ను మోసిన నెలల్లో మా ప్రాంతంలో కనపడిన గ్రహణమే లేదు. సంతోషమే గానీ, ఆశ్చర్యం లేదు. ఆ సంగతి నాకు పదమూడేళ్ళకే తెలుసు. ఒక చాటెడు బియ్యం పక్కన కూర్చుని, అమ్మ నోటి మాటల్లోంచే తేల్చాను.

ఇది ఇక్కడితో ఆగితే ఇది నా గొప్ప కథ అయ్యేది. నాకూ అట్లాగే చెప్పుకోవాలని ఉంటుంది. కానీ కొన్నేళ్ళ కిందట, దీపావళి అమావాస్యకు సాయంత్రంపూట సూర్యగ్రహణం వచ్చింది. అప్పుడు మా తమ్ముడి భార్యకు అయిదో నెల. దొనకొండ నుంచి వాళ్ళమ్మ ముందురోజే దిగి, కూతురి గదికి దుప్పట్లు కట్టేసింది, ఇంట్లో కత్తిపీటలన్నీ ఏరి అటక మీద పెట్టేసింది. అమ్మ ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి పో" అంది. వాదించడానికి నన్ను పిలిచిందనుకొని, బస్సులో దారిపొడుగునా చంద్రుడి సంగతీ ముఖం ముక్కల సంగతీ పదునుపెట్టుకుంటూ వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి నలుగురు ఆడవాళ్ళు మా వసారాలో ఉన్నారు. గ్రహణం ఇంకా పట్టలేదు. లోపలి నుంచి మరదలు, "ఉక్కపోస్తా ఉంది, బయటికి రానా?" అని అడుగుతోంది. వాళ్ళమ్మ తలుపుకు అడ్డం కూర్చుంది. నేను నోరు తెరవబోతే అమ్మ చేత్తో ఆపింది.

"రానీ వదినా. ఏం గాదు" అంది వియ్యపురాలితో.

"నువ్వేనా వదినా ఈ మాట అనేది? నీ కండ్ల ముందరే ఉంది గదా నీ బిడ్డ మూతి."

అందరూ నా వైపు చూశారు. అమ్మ చూడలేదు. వెన్నెల కోత సంగతి మొత్తం చెప్పింది, తడబడకుండా, నేను చెప్పిన దానికంటే బాగా. ఆ తర్వాత నేను ఎన్నడూ వినని మాట ఒకటి చెప్పింది.

"ఇంకోటి చెప్తా ఇను. ఆ పొద్దు ఆ మడిలో నాతో పాటు ఇంకా ఇద్దరు కడుపుతో ఉండిరి. వాళ్ళ చేతుల్లోనూ కొడవళ్ళే. మేస్త్రమ్మ అరిసినాక వాళ్ళూ కోసినారు. వాళ్ళ పిల్లోళ్ళ మూతులు బాగుండాయి. గ్రహణమే అయింటే, నన్నొక్కదాన్నే ఏరుకోని పడతాదా? ఈ మాట నాకు ఎవురూ చెప్పలే. నేనే అనుకున్నా."

ఇన్నేళ్ళూ నా లెక్క చూసుకొని మురిసిపోయాను గానీ, ఆ మడిలో ఇంకెవరున్నారని అడగాలని నాకు తట్టనే లేదు. నా లెక్క ఆ రోజు గ్రహణం లేదని మాత్రమే చెబుతుంది. అమ్మ లెక్క, ఉన్నా ఏమీ కాదని చెబుతుంది. ఆమె బడి ముఖం చూసిన మనిషి కాదు. ఏ పొయ్యి దగ్గర కూర్చుని, ఎన్నాళ్ళు ఆలోచించి, ఒక్కతే అక్కడికి చేరిందో నాకు తెలియదు. మా అమ్మను చూసి నేను అంత గర్వపడింది ఎప్పుడూ లేదు.

వియ్యపురాలు మెత్తబడింది గానీ లేవలేదు. పాపం ఆమె భయం ఆమెది. గొంతు తగ్గించి అడిగింది. "అంతా నిజమేలే వదినా. అయినా, ఒకవేళ మొర్రితోనే పుడితే?"

అమ్మ లేచి, ఆమె పక్క నుంచి చెయ్యి చాపి తలుపు తీసింది.

"పుట్టనీ. నా బిడ్డ మాదిరి ఉంటాది" అంది.